ఎడమ పెట్టెలో గొంతు

రిపేర్లు వచ్చినవాడు చేస్తే దాన్ని పని అంటారు. రానివాడు చేస్తే పిచ్చి అంటారు. సత్యప్రకాష్‌ది రెండో రకం. నర్సీపట్నంలో ఒక ప్రభుత్వాఫీసులో సీనియర్ అసిస్టెంటుగా పగలంతా ఫైళ్లతో కుస్తీపట్టి, సాయంత్రం ఇంటికి రాగానే స్క్రూడ్రైవర్ పుచ్చుకుని కూర్చునేవాడు. అతని చేతిలో బాగుపడ్డ వస్తువులు లేకపోలేదు గానీ, బాగున్నవి మూలనపడ్డ సందర్భాలే ఎక్కువ. ఇంట్లో మిక్సీ అలాగే పోయింది. ఇస్త్రీపెట్టె అలాగే పోయింది. పక్కింటివాళ్ల కాలింగ్ బెల్లు అతను బాగుచేసిన దగ్గర్నుంచి నొక్కకపోయినా మోగేది. "మీరు ముట్టుకోకపోతే అదే బాగుపడుతుందండీ" అని భార్య పరిమళ నవ్వేది. అతనూ నవ్వేసేవాడు. ఇన్నేళ్ల కాపురంలో ఆ మాటకి అతను నొచ్చుకున్నది లేదు.

రెండువేల మూడులో అతని కన్ను కంప్యూటర్ మీద పడింది. కూతురు జెన్నీ చదువుకోసమని కొన్న కంప్యూటర్ అది. ఆ పిల్ల విశాఖపట్నం హాస్టల్లో చేరిపోయాక దానిమీద ఎంబ్రాయిడరీ గుడ్డ కప్పి ఉంచారు. దాంతోపాటు వచ్చిన స్పీకర్లు అరచేతిలో పట్టేంతవి. ఏ పాట పెట్టినా తేనెటీగని అగ్గిపెట్టెలో వేసి మూసినట్టు రొదపెట్టేవి. వేరే పాటలైతే సత్యప్రకాష్ పట్టించుకునేవాడు కాదు. కానీ ఆ ఇంట్లో ఎక్కువగా పెట్టేది పరిమళ పాట.

ఆ పాట సంగతి కొంచెం చెప్పుకోవాలి.

పరిమళ మిషన్ స్కూల్లో టీచరు. ఊహ తెలిసినప్పటినుంచీ చర్చిలో పాడేది. ఆవిడ గొంతెత్తితే వెనక వరసల్లో కునుకుతీసేవాళ్లు కూడా సర్దుకుని కూర్చునేవారు. అలాంటి మనిషికి రెండేళ్ల కిందట మెడ దగ్గర గడ్డ లేచింది. థైరాయిడ్ అన్నారు, ఆపరేషన్ చేశారు. గొంతు దెబ్బతిన్నా తినొచ్చని డాక్టర్లు ముందే చెప్పారు, చెప్పినట్టే అయింది. ఆర్నెల్లపాటు ఆవిడ నోట గాలి తప్ప మాట రాలేదు. స్కూల్లో బోర్డు మీద రాసి పాఠాలు చెప్పింది. ఇంట్లో పళ్లెం మీద గరిటెతో కొట్టి భర్తని పిలిచేది. ఆ చప్పుడు విన్నప్పుడల్లా సత్యప్రకాష్ గుండె కలుక్కుమనేది. ఒకరోజు పెరట్లో బట్టలు ఆరేస్తూ "ఏవండీ" అంది. బొంగురుగా, ఎక్కడో నూతిలోంచి వచ్చినట్టుంది ఆ పిలుపు. అతను పరుగెత్తుకొచ్చి, తడిబట్టల మధ్యే నిలబడి వెక్కివెక్కి ఏడ్చాడు.

మాట వచ్చాక పాట కూడా వచ్చింది, కానీ పాతది కాదు. కింది స్వరాల్లో నిలకడగానే ఉండేది. పైకి వెళ్తే జీర. ఇంకా పైకి వెళ్తే చీలిపోయేది.

చర్చిలో పాటల బృందాన్ని, అదే క్వయర్‌ని, నడిపే క్రీస్తుదాసు మాస్టారికి పరిమళ అంటే కన్నకూతురికిందే లెక్క. చర్చివాళ్లు పాటల సీడీ తీయిస్తుంటే, తాను రాసి వరస కట్టిన పాట పరిమళే పాడాలని పట్టుబట్టి విశాఖపట్నంలో స్టూడియోకి తీసుకెళ్లారు. ఆ రోజు సత్యప్రకాష్‌కి సెలవు దొరకలేదు. ఆవిడ తిరిగొచ్చి, "నావల్ల కాలేదండీ. మూడో చరణం ఎన్నిసార్లు పాడినా అక్కడే పగిలిపోయింది" అని గోడకి చేరగిలబడి ఏడ్చింది. కొన్నాళ్లకి సీడీ వచ్చింది. భయపడుతూనే పెట్టుకున్నారు. మూడో చరణం దగ్గర గొంతు ఎక్కడా తొణక్కుండా పైకి వెళ్లి నిలబడింది. పరిమళ బిత్తరపోయింది. అది పూర్తిగా తన గొంతులా లేదనిపించిన మాట నిజమే. కానీ రికార్డు చేస్తే ఎవరి గొంతు వాళ్లకే కొత్తగా ఉంటుందంటారు కదా. పైగా అందులో తన పలుకు ఉంది, తన విరుపు ఉంది. "నేను పాడలేనిది దేవుడు పాడించాడండీ" అని మోకాళ్లూనింది. పక్కన సత్యప్రకాష్ కూడా మోకాళ్లూనాడు.

ఆ ఆదివారమే చర్చిలో లేచి సాక్ష్యం చెప్పింది. సాక్ష్యం అంటే ఊరికే నాలుగు మాటలు మాట్లాడి కూర్చోవడం కాదు. దేవుడు నాకు ఈ మేలు చేశాడని పదిమంది ముందు చెప్పి, అది నిజమని ఆయన పేరుమీదే పూచీ పడటం. ఆ పాటని క్యాసెట్టులోకి ఎక్కించి చర్చి మైకులో వినిపించారు. జనం స్తోత్రం, స్తోత్రం అన్నారు. అక్కణ్ణుంచి నక్కపల్లి అని, ఎస్. రాయవరం అని, ఎక్కడ ప్రార్థన కూడిక జరిగినా పరిమళని పిలిపించి సాక్ష్యం చెప్పించుకునేవారు.

ఈసారి స్త్రీల సమాజం కూడిక సత్యప్రకాష్ ఇంట్లోనే, శనివారంనాడు. దానికి ఎస్. రాయవరం నుంచి దేవుడమ్మ అనే పెద్దావిడ వస్తోందని కబురొచ్చింది. ఆవిడకీ మెడ దగ్గర అదే గడ్డ. ఆ ఊళ్లో ప్రార్థనలకి పాటెత్తేది ఆవిడే కాబట్టి, గొంతు పోతే బతికి లాభం లేదని, ఆపరేషన్ వద్దని మొండికేసింది. పరిమళ పాట ఒక్కసారి చెవులారా వింటే మెత్తబడుతుందని ఆవిడ కొడుకు ఆశ.

"ఈ అగ్గిపెట్టెల్లోంచి ఆవిడకేటి వినిపిస్తామండీ?" అంది పరిమళ. సత్యప్రకాష్‌కి ఆ మాట చాలు.

మర్నాడే పాత సామాన్లు అమ్మే మత్స్యరాజు కొట్టుకి వెళ్లాడు. దుమ్ము కొట్టుకుపోయిన స్టీరియో సెట్టు ఒకటి, దాని తాలూకు రెండు చెక్క స్పీకరు పెట్టెలు అక్కడ కనిపించాయి. అతని బడ్జెట్‌కి అందేది అదొక్కటే.

"కంప్యూటర్‌కి పనికొస్తుందా ఇది?"

"ఎందుకు పనికిరాదు బాబూ? ఎనకాల ఎర్ర కన్నం, తెల్ల కన్నం ఉన్నాయా లేదా? ఈ వైరు ఒక కొస కంప్యూటర్లో గుచ్చీండి. రెండో కొసనున్న పిన్నులు రెండూ ఈ కన్నాల్లో గుచ్చీండి. ఇంకేటి? వీధి వీధంతా మీ పాటే ఇంటాది."

"మరి ఈ మర ఏదీ?" ముందు పలకమీద ఒకచోట తిప్పే మర ఊడిపోయి, ఉత్త ఇనప కాడ మిగిలింది.

"అదా? బేలన్సుదండి. అటు తిప్పితే ఎడమ పెట్టె, ఇటు తిప్పితే కుడి పెట్టె. మజ్జిన ఉంచీసి వదిలీండి. దాంతో మనకి పనేటుంటాది?"

పని లేదని వదిలేస్తే అతను సత్యప్రకాష్ ఎలా అవుతాడు? జెన్నీ చిన్నప్పుడు ఆడుకున్న ఏటికొప్పాక లక్క బొమ్మబండి అటకమీదుంటే దింపి, ఒక ఎర్ర చక్రం ఊడదీసి, ఆ కాడకి తొడిగాడు. కొలిచి చేయించినట్టు సరిపోయింది. అది చూసి పరిమళ కూడా మెచ్చుకుంది. "బొమ్మ పాడైతే అయింది గానీ, అందంగా ఉందండీ" అంది.

మంగళవారం మధ్యాహ్నం సెలవు పెట్టి వైర్లు కలపడానికి కూర్చున్నాడు. ఒక పెట్టెని కుట్టుమిషన్ మీద, రెండోదాన్ని బీరువా పక్కన స్టూలు మీద పెట్టాడు. స్విచ్చి వేయగానే గుంయ్ మని ఒకటే హోరు. అతనికి భయం వేయలేదు సరికదా ఉత్సాహం వచ్చింది. ప్లగ్గు తీసి కంప్యూటర్ పెట్టిన బోర్డులోనే దీన్నీ పెట్టి చూశాడు. హోరు ఆగిపోయింది. తన చేతిలో ఒక వస్తువు మొదటి దెబ్బకే దారికొచ్చేసరికి, మెచ్చుకోవడానికి ఇంట్లో ఎవరూ లేరే అనిపించింది.

పాట పెట్టాడు. గదినిండా సంగీతం పరుచుకుంది. ఇన్నాళ్లూ రొదలో కొట్టుకుపోయిన తబలా ఇప్పుడు ఒక్కో వేలిదెబ్బతో సహా వినిపించింది. పరిమళ గొంతు గది నడిమధ్య నిలబడి పాడుతున్నట్టుంది. ఆ పాట తానే పాడినంత గర్వపడ్డాడు సత్యప్రకాష్.

అక్కడితో ఆగి ఉంటే బాగుండేది. కానీ పెట్టెలు రెండూ సరిగ్గా పనిచేస్తున్నాయో లేదో విడివిడిగా చూసుకోవడం పద్ధతి కదా అనుకుని, ఎర్ర చక్రాన్ని పూర్తిగా కుడివైపు తిప్పాడు.

కుడి పెట్టెలో ఒక అమ్మాయి పాడుతోంది. లేత గొంతు, చక్కటి గొంతు. పరిమళది కాదు.

అతనికి అర్థం కాలేదు. చక్రాన్ని పూర్తిగా ఎడమవైపు తిప్పాడు. ఎడమ పెట్టెలో పరిమళ ఉంది. ఊపిరి తీసుకోవడం వినిపిస్తోంది, జీర వినిపిస్తోంది. మూడో చరణం వచ్చింది. పై స్వరం దగ్గర గొంతు పగిలి, తడుముకుని, మళ్లీ కిందికి దిగిపోయింది. మధ్యకి తిప్పితే ఇద్దరూ ఒకరైపోయారు. అందరూ స్తోత్రం చెప్పిన గొంతు అది.

వైర్లు తప్పు కలిపానేమో అనుకున్నాడు. అన్నీ పీకి మళ్లీ పెట్టాడు. ఎర్ర పిన్ను తెల్ల కన్నంలో, తెల్ల పిన్ను ఎర్ర కన్నంలో పెట్టాడు. ఆ అమ్మాయి ఎడమ పెట్టెలోకి వచ్చింది, పరిమళ కుడి పెట్టెలోకి వెళ్లింది, అంతే తేడా. తన రిపేరు తప్పు కావాలని సత్యప్రకాష్ జీవితంలో మొదటిసారి కోరుకున్నాడు. తప్పు కాలేదు. ఎప్పుడూ చెడగొట్టే చెయ్యి ఆ రోజే సరిగ్గా పనిచేసింది. పిన్నులు మళ్లీ ఎప్పట్లా పెట్టేసి, స్విచ్చి ఆపేశాడు.

పరిమళ స్కూలు నుంచి వచ్చేసరికి కంప్యూటర్ మీద ఎంబ్రాయిడరీ గుడ్డ కప్పేసి ఉంది.

"ఏటయింది? పాడిందా?"

"లేదు. ఇంకా హోరు పోలేదు."

"నాకు తెలుసు" అని నవ్వి, చీర మార్చుకోవడానికి లోపలికి వెళ్లింది.

ఆ సాయంత్రం కుటుంబ ప్రార్థనలో పరిమళ అదే పాట ఎత్తుకుంది. మూడో చరణం దగ్గర గొంతు తడబడింది. కళ్లు తెరిచి భర్త వైపు చూసింది. సత్యప్రకాష్ ఊరుకుంటే సరిపోయేది. కానీ భయంలో మనిషి అవసరంలేని అబద్ధాలే ముందు ఆడతాడు. "నీ గొంతు పూర్తిగా వచ్చేసింది పరిమళా" అన్నాడు. ఆవిడ మొహం వికసించింది. అది చూసి అతనికి తనమీద తనకే అసహ్యం వేసింది.

బుధవారం, గురువారం అలాగే గడిచాయి. అన్నం సహించలేదు. ఆఫీసులో ఒకరి ఫైలు ఇంకొకరి బల్లమీద పెట్టి చీవాట్లు తిన్నాడు. తను లేనప్పుడు పరిమళ పాట పెట్టుకుంటుందేమోనని స్టీరియో వెనక పిన్నులు రెండూ పీకేసి ఉంచాడు. ఆవిడ అడిగినప్పుడల్లా ఏదో భాగం పోయిందనేవాడు. చెబితే ఆవిడ ఏమైపోతుంది? ఆ పాటని పట్టుకునే ఆవిడ మళ్లీ మనిషైంది. చెప్పకపోతే? శనివారంనాడు నలుగురి ముందు, దేవుడి పేరుమీద, తనకి తెలియకుండానే అబద్ధసాక్ష్యం చెబుతుంది. దాన్ని నమ్మి ఒక ముసలావిడ కోతకి మెడ అప్పగిస్తుంది. ఎటు తిరిగినా అతనికి దారి కనిపించలేదు.

శుక్రవారం సాయంత్రం ఆఫీసు నుంచి తిన్నగా క్రీస్తుదాసు మాస్టారింటికి వెళ్లాడు. మాస్టారు వరండాలో హార్మోనియం తుడుచుకుంటున్నారు.

"వందనాలు మాస్టారూ. ఆ పాటలో రెండో గొంతు ఎవరిదండీ?"

మాస్టారి చేతిలో గుడ్డ ఆగిపోయింది. ఆయన బుకాయించలేదు. "నీకెలగ తెలిసింది బాబూ?" అని మాత్రం అడిగారు. సత్యప్రకాష్ చెప్పాడు.

"స్టూడియోలో కోరస్ పాడే పిల్ల బాబూ. మన పరిమళమ్మ పాడలేక ఏడుస్తూ బయటికెళ్లిపోయింది కదా. అప్పుడు వాళ్లే అన్నారు, ఈ పిల్లచేత కూడా పాడించీసి రెండు గొంతులూ చెరో పక్కనా పెట్టీస్తాం, వినీవాళ్లకి ఒకటే గొంతులాగ ఉంటాదని. నేను సరే అన్నాను. మనసొప్పి కాదు, పరిమళమ్మ ఏడుపు చూడలేక. తరవాత చెప్దామనే అనుకున్నాను. ఈలోగా లేచి సాక్ష్యం చెప్పీసింది. ఇంక నాకు నోరెలగ పెగుల్తుంది?"

"రేపు దేవుడమ్మ గారు ఆ పాట విని ఆపరేషన్‌కి వెళ్తారండీ."

"వెళ్తే మంచిదే కదా బాబూ. ప్రాణం దక్కుతాది. గొంతుదేముంది?"

అబద్ధం చెప్పి బతికిద్దామా అని అడగబోయాడు సత్యప్రకాష్. మంగళవారం నుంచీ తాను చేస్తున్నదీ అదే అని గుర్తొచ్చి నోరు మూసుకున్నాడు. మాస్టారు చేతులు పట్టుకుని, "పరిమళమ్మకి చెప్పకు బాబూ" అన్నారు. ఆయన కళ్లల్లో నీళ్లున్నాయి.

దారిపొడవునా మనసు రాయి చేసుకున్నాడు. ఏమైతే అదవుతుంది, ఈ పూటే చెప్పేయాలి. ఎలా మొదలుపెట్టాలో రెండు మూడు రకాలుగా నోట్లోనే చెప్పుకుని చూసుకున్నాడు. తన వీధి మలుపు తిరిగేసరికి ఇంట్లోంచి పాట వినిపించింది. ఒక్క పరిమళ గొంతే, జీరతో సహా. లోపల ఆవిడ పాడుకుంటోంది అనుకుని తేలిగ్గా ఊపిరి పీల్చుకోబోయాడు. వెనక తబలా కూడా వినిపించింది. అతని కాళ్లు అక్కడే ఆగిపోయాయి.

పరిమళ కంప్యూటర్ ముందు స్టూలు మీద కూర్చుని ఉంది. స్కూలు చీర కూడా మార్చుకోలేదు. ఆవిడ చెయ్యి ఎర్ర చక్రం మీద ఉంది. చక్రం పూర్తిగా ఎడమవైపుకి తిరిగి ఉంది. పాట అయ్యేదాకా ఆవిడ అతని వైపు చూడలేదు.

"వైర్లు ఊడిపోయి ఉంటే పెట్టానండీ" అంది. "పాడింది. జెన్నీ బండి చక్రం కదా అని ఊరికే తిప్పాను. కుడి పక్కన ఎవరండీ?"

"స్టూడియోలో అమ్మాయట. ఇప్పుడే మాస్టారిని అడిగి వస్తున్నాను."

"మీకెప్పుడు తెలిసింది?"

"మంగళవారం."

ఆవిడ వేళ్లమీద రోజులు లెక్కపెట్టుకుంది. "మంగళవారం సాయంత్రం ప్రార్థనలో నా గొంతు పూర్తిగా వచ్చేసిందన్నారు" అంది.

ఆవిడ స్టీరియో వెనక్కి చెయ్యి చూపించింది.

"ఈ పిన్నులు మీరే పీకేశారా?"

"అవును."

"నేను మీకు రిపేరు చేతకాలేదనుకున్నాను" అంది పరిమళ. ఎప్పుడూ నవ్వుతూ అనే మాటే. ఆ రోజు నవ్వలేదు. అన్నాళ్ల కాపురంలో ఆ మాట అతనికి మొదటిసారి గుచ్చుకుంది.

"రేపు కూడిక వద్దనేద్దాం. నీకు ఒంట్లో బాగోలేదని చెప్పి వస్తాను."

"ఇంకో అబద్ధమా?" అని లేచి, మర్నాటి పులిహోరకి చింతపండు నానబెట్టడానికి వంటింట్లోకి వెళ్లిపోయింది.

శనివారం హాలు నిండిపోయింది. కుర్చీలు చాలక కొందరు చాపల మీద కూర్చున్నారు. దేవుడమ్మని ముందు వరసలో కూర్చోబెట్టారు. బక్కపలచని మనిషి, మెడచుట్టూ కొంగు కప్పుకుంది. క్రీస్తుదాసు మాస్టారు హార్మోనియం ముందేసుకుని గుమ్మం దగ్గర కూర్చున్నారు. ఆయన ఎవరి మొహంలోకీ చూడటం లేదు. సత్యప్రకాష్ కంప్యూటర్ దగ్గర నిలబడ్డాడు. పొద్దున్నుంచీ పరిమళ అతనితో అన్నది ఒక్కటే మాట. "నేను చెప్పినప్పుడు ఎడమ పక్కకి పూర్తిగా తిప్పండి. మళ్లీ ముట్టుకోకండి."

ప్రార్థన అయింది. బైబిల్ వాక్యం చదివారు. పరిమళ లేచి నిలబడింది. ఆపరేషన్ సంగతి చెప్పింది, ఆర్నెల్ల సంగతి చెప్పింది. అందరికీ తెలిసిన కథే కాబట్టి అందరూ ముందుగానే తలలూపుతున్నారు. "ఆ తర్వాత దేవుడు నాకిచ్చిన గొంతు ఇది" అని భర్త వైపు చూసింది.

సత్యప్రకాష్ చక్రాన్ని ఎడమవైపు తిప్పి పాట పెట్టాడు.

మొదటి చరణానికి ఆడవాళ్లు ఒకరి మొహాలొకరు చూసుకున్నారు. రెండో చరణానికి గుసగుసలు మొదలయ్యాయి. మూడో చరణంలో గొంతు పగిలింది. ఎవరూ స్తోత్రం అనలేదు. పాట ఆగింది.

"ఏటి బాబూ, మిసను పాడైపోనాదేటి?" అంది దేవుడమ్మ. "ఒక పెట్టె పలకతన్లేదు. బేగి సూడు."

"అవునండీ, క్యాసెట్టులో ఇలా లేదు. వైరు ఊడిందేమో చూడండి" అని ఇంకెవరో అన్నారు. అందరి కళ్లూ సత్యప్రకాష్ మీదే. ఒక్కసారి ఆ చక్రాన్ని మధ్యకి తిప్పితే చాలు, హాలంతా స్తోత్రం అంటుంది, పరిమళ తలెత్తుకుని కూర్చుంటుంది. నేరం అతని చేతకాని రిపేరు మీదికి పోతుంది, అది ఊరందరికీ అలవాటే. అతని చెయ్యి దానంతటదే చక్రం దాకా వెళ్లింది. పరిమళ అతనికేసి చూసింది. కోపంగా కాదు, ఏం చేస్తాడో చూద్దామన్నట్టు చూసింది. అతను చెయ్యి వెనక్కి తీసుకున్నాడు.

"మెషీను బాగానే ఉందండీ" అన్నాడు. "రెండో పెట్టెలో ఉన్నది మా ఆవిడ గొంతు కాదు."

"నేను చెప్తాను" అంది పరిమళ. చెప్పింది. మాస్టారి పేరు ఎత్తలేదు. స్టూడియోలో రెండో గొంతు కలిపారని, తనకి నిన్ననే తెలిసిందని, ఇన్నాళ్లూ ఊరూరా తాను చెప్పిన సాక్ష్యంలో ఆ భాగం నిజం కాదని, దేవుడు క్షమించాలని, వాళ్లూ క్షమించాలని చెప్పింది. చెబుతుంటే మాటలు కూడా జీరపోయాయి. గుమ్మం దగ్గర మాస్టారు హార్మోనియం మీద తల ఆన్చేశారు. ఆయన్ని చూసినవాళ్లకి మిగతాది అర్థమైంది. వెనకనుంచి ఇద్దరు ముగ్గురు లేచి, చెప్పులేసుకుని వెళ్లిపోయారు.

దేవుడమ్మ మెడ మీది కొంగు సర్దుకుంది. "అంటే అమ్మా, కోసీసిన తరవాత ఇంతే వస్తాదన్నమాట."

"నాకు ఇంతే వచ్చిందమ్మా. ఆర్నెల్లు ఇది కూడా లేదు. మీకెలా వస్తుందో నేను చెప్పలేను."

"పైకెత్తితే ఇలగే ఇరిగిపోతాదా?"

"నాకు విరిగిపోతుందమ్మా."

 ముసలావిడ సత్యప్రకాష్ వైపు తిరిగి, "ఇంకొక్క పాలి ఎయ్యి బాబూ" అంది. "ఈపాలి మిసను పాడైపోనాదనుకోకండా ఇంటాను."

అతను మళ్లీ పెట్టాడు. ఆవిడ కళ్లు మూసుకుని, ఒక చెయ్యి మెడ మీద వేసుకుని వింది. మూడో చరణం దగ్గర ఆ చెయ్యి బిగుసుకుంది. పాట అయ్యాక ఒప్పుకుంటున్నాననీ అనలేదు, ఒప్పుకోననీ అనలేదు. పరిమళ నెత్తిమీద చెయ్యివేసి, పులిహోర కూడా తినకుండా కొడుకు స్కూటర్ ఎక్కి వెళ్లిపోయింది.

అందరూ వెళ్లాక మాస్టారు గుమ్మంలో నిలబడ్డారు. "మీరు నామీద జాలిపడ్డారు మాస్టారూ. మీమీద కోపం లేదు" అంది పరిమళ. ఆయన వందనం అని, చెప్పులు వేసుకోవడం కూడా మరచిపోయి మెట్లు దిగారు. వెనక్కి వచ్చి వేసుకుని మళ్లీ దిగారు.

సత్యప్రకాష్ కుర్చీలు మడత పెడుతున్నాడు. పరిమళ టీ గ్లాసులు ఏరుతోంది. మాస్టారితో అన్న మాట తనతో కూడా అంటుందేమోనని అతను ఎదురుచూశాడు. అనలేదు. ఆఖరికి అతనే అడిగాడు.

"నామీద కోపమా పరిమళా? నువ్వు మళ్లీ కుంగిపోతావని భయపడ్డాను. అంతే."

ఆవిడ గ్లాసులన్నీ పళ్లెంలో సర్దింది. "ఆర్నెల్లు గరిటెతో పళ్లెం కొట్టి మిమ్మల్ని పిలిచాను" అంది. "తర్వాత ఒకరోజు పెరట్లో ఏవండీ అని పిలిచాను. మీరు ఏడ్చారు. గుర్తుందా?"

"ఎందుకు గుర్తులేదు?"

"ఆ ఎడమ పెట్టెలోది ఆ గొంతేనండీ. ఆ రోజు మీకు చాలింది. ఎప్పటినుంచి చాలకుండా పోయింది?"

అతను చేతిలో కుర్చీ దించేలోపు ఆవిడ పళ్లెం పట్టుకుని వంటింట్లోకి వెళ్లిపోయింది. మర్నాడు అతను ఆఫీసు కాగితాలు చూసుకుంటుండగా వంటింట్లోంచి టీకి పిలుపొచ్చింది. పళ్లెం మీద గరిటె చప్పుడు.